ముందు నిలబడిన పదం

"పిల్లకు పెట్టకూడదని నేననలే. పెద్దోడు కూర్చోకముందే పెట్టినావు చూడు, దాన్ని అంటా ఉండా" అని మా అత్త అనడం అది నాలుగోసారి. "దానికి తల తిరగతా ఉందనింది అత్తా. నాలుగు ముద్దలే కదా పెట్టినా" అని నేననడమూ నాలుగోసారే. "నాలుగు ముద్దలైనా వరస వరసే." "సరి, వరసే. ఇంక వదిలిపెట్టండి." "నేను ఎప్పుడో వదిలేస్తి. నువ్వే పట్టుకోనుండావు." భోజనాలు అయిపోయి, ఎంగిళ్లు ఎత్తి, గిన్నెలు కడిగి బోర్లించినా ఆ మాట వంటింట్లోనే తిరుగుతూ ఉంది. రెండు ప్లాస్టిక్ బిందెలు చంకన పెట్టుకుని మెట్లు దిగుతూంటే వెనకనుంచి మళ్లీ వినిపించింది. ఈసారి నాతో కాదు, గోడతో అంటోంది.

వీధి మలుపులో బిందెలు అప్పటికే బారు తీరి ఉన్నాయి. ఈ ఏడు ఎండలకు మా చూలై పేటలో కుళాయిలు చిత్తిర నెలలోనే ఊరుకున్నాయి. లారీ వస్తేనే నీళ్లు. మూడింటికి వస్తుందంటే నాలుగింటికైనా వస్తుందని అర్థం. నా బిందెలు రెండూ వరసలో పెట్టి, మూసి ఉన్న ఇనప కొట్టు అరుగు మీద నీడ ఉన్నంత మేర కూర్చున్నాను. ఆదివారం కాబట్టి రేకులు కొట్టే చప్పుడు లేదు. చప్పుడు లేకపోతే మనసులో మాటలు ఎక్కువగా వినిపిస్తాయి, అదొక బాధ. మేడ మీద ముందుగదిలో ఇప్పుడు ముగ్గురూ కూర్చుని ఉంటారు. మా బావగారు శివరామ్ వాలుకుర్చీలో, తమ్ముడు, అంటే మా ఆయన వెంకటపతి, బల్ల మీద, మా అత్త తాయారమ్మ గోడకు ఆనుకుని. వాళ్ల మధ్య స్టూలు మీద, గాలికి పోకుండా సిరాబుడ్డి బరువు పెట్టిన ఉత్తరం. ఆదివారం ఆదివారం భోజనానికి వచ్చే బావగారు అయిదింటికి మనలిలో తన ఇంటికి బస్సు పట్టుకునేలోపల దాని మీద మా ఆయన సంతకం అయిపోవాలి. రేపు సోమవారం పదింటికి అది బడిలో ఉండాలి. సంతకం అయితే మా నివేదిత చదువు ఆ బడిలో తొమ్మిదో తరగతితో సరి. దాన్ని గురించే ఇల్లంతా కూర్చుంది. దాన్ని కన్నదాన్ని, నేను బిందెల దగ్గర కూర్చున్నాను.

ఆ ఉత్తరం మేం రాసింది కాదు. మేం రాసినట్టుగా బడివాళ్లే ఇంగ్లీషులో టైపు కొట్టించి పంపారు. కుటుంబ కారణాల వల్ల, మా సొంత ఇష్టం మీద, మా అమ్మాయికి టి.సి. ఇప్పించమని వేడుకుంటున్నామట. మా సొంత ఇష్టమట. పిల్ల పేరు రాసుకోవడానికి మాత్రం ఖాళీ వదిలారు. అంటే అచ్చంగా మా పిల్ల కోసం కొట్టించింది కూడా కాదు, ఎందరి కోసమో కట్టలుగా కొట్టించి బీరువాలో పెట్టుకున్నారు. బడి గేటు మీద పదో తరగతి నూటికి నూరు పాస్ అని రంగుతో రాసిన పలక ఉంటుంది. ఏటా ఆ సంవత్సరం అంకె ఒక్కటి చెరిపి కొత్తది వేస్తారు. ఆ నూరు ఎలా వస్తుందో నాకు ఇన్నాళ్లూ తెలియలేదు. తొమ్మిదిలోనే తడబడిన పిల్లల్ని వాళ్ల సొంత ఇష్టం మీద బయటికి పంపేస్తే, మిగిలినవాళ్లు నూటికి నూరు కాక ఏమవుతారు? రాళ్లు ఏరేసి, చూశారా మా బియ్యంలో రాయే లేదు అన్నట్టు. పోనీ రాళ్లేనా వీళ్లు? తక్కిన అన్ని పాఠాల్లో యాభై దాటిన పిల్ల. లెక్కల్లో ఇరవై ఎనిమిది. ముప్పై అయిదు కావాలి. ఏడు మార్కులకు ఒక పిల్లను ఇంట్లో కూర్చోబెడతారు, అదీ మేమే కోరినట్టు.

బడివాళ్లు బయటివాళ్లు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడం సులువు. పొద్దున బావగారు ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి, "నేను కూర్చోబెట్టి చెప్పినా రాలేదంటే, ఇంక దానికి ఎవురు చెప్పినా రాదురా పతీ. టైపింగులో చేర్పించు. ప్రైవేటుగా పది రాసుకోనీ" అన్నారు. అంతే. మా ఆయన తల ఊపారు. అన్నగారి మాటకు మా ఆయన తల ఎప్పుడూ ఆ ఒక్క వైపుకే ఊగుతుంది. ఆయన అన్న బి.ఎస్సీ., మనలిలో ఫ్యాక్టరీలో షిఫ్టు చూస్తాడు, ఆ ఇంట్లో పుట్టినవాళ్లలో మొదట కాలేజీ మెట్టెక్కినవాడు. ఆయనకు రాని లెక్క ఉండదు. ఆయన చెప్పినా రాలేదంటే లోపం పిల్లలోనే. ఇందులో ఎవరికీ అనుమానం రాలేదు. పిల్ల అక్కడే గుమ్మంలో నిలబడి ఉంది. దాన్ని అది, దానికి అంటూ, అది అక్కడ లేనట్టే మాట్లాడారు. తల తిరుగుతోందమ్మా అని అది వంటింట్లోకి వచ్చింది అప్పుడే. నాలుగు ముద్దలు పెట్టింది అందుకే. ఆ నాలుగు ముద్దలే మా అత్తకు కనబడ్డాయి.

నడుము దగ్గర చీర మడతలో దాని జవాబు పేపరు గుచ్చుకుంటోంది. ఉత్తరంతో పాటు పంపారు, చూసి తిరిగి ఇమ్మని. ముగ్గురూ మార్కు చూశారు గానీ పేపరు తిప్పలేదు. నేను ఎందుకు తీసి దోపుకున్నానో నాకే తెలియదు. బహుశా వాళ్ల ముందు అది స్టూలు మీద పడి ఉండటం చూడలేక. తీసి మోకాళ్ల మీద పరిచాను. ఎర్ర సిరా. మొదటి పుటలో ఐదు చిన్న లెక్కలు, ఒక్కోదానికి ఒక మార్కు. పైన ఇంగ్లీషులో డిగ్రీ కనుక్కోమని ఉంది. పిల్ల పుస్తకాలు ఇంగ్లీషువి కాబట్టి నేను ఎప్పుడూ ముట్టుకోలేదు, నాది వేరే చదువు అనుకున్నాను. ఆ పేరు దగ్గరే ఆగిపోయేదాన్ని. ఇవాళ పేరు వదిలి కింద చూశాను. 7x³ + 2x + 1. అక్షరం నెత్తిన చిన్న అంకె, ఘాతం. ఇది నాకు తెలుసు. ఇది బహుపది. అడుగుతున్నది దాని పరిమాణం. వాషర్‌మెన్‌పేటలో కార్పొరేషన్ తెలుగు బడిలో, రేకుల కప్పు కింద, మోసెస్ మాస్టారు మాకు నేర్పిన పాఠం ఇది.

మోసెస్ మాస్టారు బోర్డు మీద ఎప్పుడూ సక్రమంగా రాసేవారు కాదు. చిన్న ఘాతం ముందు, పెద్దది ఎక్కడో మధ్యలో, వట్టి అంకె ఒక్కోసారి మొదటనే. "పదాలు సంతకొచ్చిన జనం మాదిరి, ఎట్లైనా నిలబడతాయి. మీరు పోయి ఒక్కోదాన్ని పలకరించి రండి. నీ ఘాతమెంత, నీ ఘాతమెంత అని. ఎవురిది పెద్దదో అదే మొత్తం బహుపది పరిమాణం" అనేవారు. కూడిక గుర్తు గోడ అనేవారు. గోడకు ఇవతల ఉన్న పదం ఇవతలే, అవతలిది అవతలే, వాటి ఘాతాలు కలపడానికి వీల్లేదు. గోడ లేకుండా అంటుకుని ఉన్న అక్షరాలైతే ఒకే ఇంట్లోవి, x మీద రెండు, y మీద మూడు ఉంటే ఆ ఇంటికి అయిదు. ఒంటరి అంకె ఎంత పెద్దదైనా, పన్నెండైనా పన్నెండు వేలైనా, దాని పరిమాణం సున్నా. అక్షరం ముందున్న అంకెను చూసి భయపడొద్దు, తొమ్మిదున్నా ఒకటున్నా ఒకటే. ఎస్సెల్సీలో లెక్కల్లో నాకు డెబ్బై ఒకటి వచ్చింది. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. దాచుకుని కాదు. ఎవరూ అడగలేదు. పెళ్లిచూపుల్లో మా అత్త అప్పడాలు ఒత్తడం వచ్చునా అని అడిగింది, వచ్చునని చెప్పాను. అంతటితో నా పరీక్షలు అయిపోయాయి.

మొదటి లెక్కకు మూడు అని రాసింది, ఒప్పు. రెండోది 4x + 9x⁵ – 2. ఒకటి అని రాసింది. తప్పు. అయిదు కదా, కళ్లెదుటే ఉంది. మూడోది 12 – x² + 6x. సున్నా అని రాసింది. తప్పు. ఇక్కడ నా వేలు ఆగింది. లెక్క రాని పిల్ల అయితే పన్నెండు అని రాయాలి, లేకపోతే ఏదో ఒకటి. ఇది సున్నా అని రాసింది. అంటే వట్టి అంకె పరిమాణం సున్నా అని దీనికి తెలుసు. నాలుగోది 3x² + 8x²y³. రెండు అని రాసింది. తప్పు, అయిదు రావాలి. రెండూ మూడూ కలపడం రాదేమో అనుకుంటూ అయిదోది చూశాను. 2x²y + x² – 5. మూడు అని రాసింది, ఒప్పు. కలపడం వచ్చు. వచ్చు కాబట్టే కలిపింది. మరి నాలుగోదాంట్లో ఎందుకు కలపలేదు? మళ్లీ మొదటినుంచి చూశాను, ఎండ పేపరు మీదికి జరిగింది, నేను పక్కకు జరిగాను. ప్రతి లెక్కలోనూ నా పిల్ల మొదటి పదాన్ని ఒక్కదాన్నే పలకరించి, సరిగ్గానే పలకరించి, వెనక్కి వచ్చేసింది. మొదటిది పెద్దదైన చోట ఒప్పు. కానిచోట తప్పు. అయిదింటిలో అయిదూ ఒకే పద్ధతి. పుట తిప్పాను. అయిదు మార్కుల భాగహారం. 6 + x² + 5xను x + 2తో భాగించాలి. ముందు వాటిని పెద్ద ఘాతం నుంచి వరసగా పేర్చుకుంటే రెండు వరసల్లో అయిపోతుంది. ఇది పేర్చలేదు. ముందున్న ఆరునే పట్టుకుంది. ఆరులో x ఎన్నిసార్లు పోతుంది? ఎవరికి పోతుంది? నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు కొట్టేసి వదిలేసింది. ఆ కొట్టివేతలు ఎంత గట్టిగా ఉన్నాయంటే కాగితం అవతలికి చిరిగింది. మూడూ అయిదూ ఎనిమిది. ఇరవై ఎనిమిదికి ఎనిమిది చేరిస్తే ముప్పై ఆరు.

"ఏంది అలమేలక్కా, లారీ రాకముందే పరీచ్చ రాస్తా ఉండావే?" పక్క సందులో ఇడ్లీలమ్మే అమ్మణి, నాలుగు బిందెలతో వచ్చి పక్కన కూలబడింది.

"మా పిల్ల పేపరు. ఫెయిలు చేసినారు."

"ఎవురు?" అంది అమ్మణి, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

ఎవరు. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఫెయిలయిందా, ఎన్నొచ్చాయి, ఇంక ఏం చేస్తారు అని వీధంతా అడిగింది. ఎవరు చేశారు అని ఇదొక్కతే అడిగింది, అదీ యథాలాపంగా. నాకు పోయిన ఏడు బళ్లు తెరిచిన కొత్తలో, ఆడిమాసం నాటి ఒక ఆదివారం గుర్తొచ్చింది. నేను పూరీలు వేస్తున్నాను. ముందుగదిలో చాప మీద పిల్ల, వాలుకుర్చీలో బావగారు. "చూడు నివ్వీ, ఇందులో కష్టమేమీ లేదు. ఫస్టులో నిలబడుకోనుండాది చూడు, అదే పెద్దది. దాని పవరే డిగ్రీ. అయిపాయె." పిల్ల అడిగింది, "ఎప్పుడుమే అంతేనా పెదనాయనా?" "ఎప్పుడుమే." ఆయన రాసిచ్చిన లెక్కలన్నీ పెద్దది ముందు, చిన్నది వెనక, తీర్చి దిద్దినట్టుండేవి. వాటిలో ఆయన మాట ఎప్పుడూ నిజమయ్యేది. పెద్దవాడు ముందు, చిన్నవాడు వెనక. పీటల మీద అంతే, కాఫీ గ్లాసులు అంతే, దీపావళి తలంటు అంతే, పెద్దాయన నెత్తిన నూనెచుక్క పడేదాకా పిల్ల వానచలిలో వణుకుతూ కూర్చోవాల్సిందే. ముందున్నదే పెద్దదని మా ఇంట్లో పుట్టిన పిల్లకు వేరే చెప్పాలా? ఆయనకు మాత్రం ఎందుకు అనుమానం వస్తుంది, పుట్టినప్పటినుంచి ఆయనే ముందు. మా ఇంటి మర్యాదను తీసుకుపోయి లెక్కలో పెట్టాడు ఆ మనిషి. పేపరు తయారుచేసిన టీచరుకు మా ఇంటి మర్యాద తెలియదు, ఆమె పదాల్ని వరస లేకుండా కలిపేసి రాసింది. అంతే జరిగింది. దానికి నా పిల్ల మొద్దు.

ఆ రోజు నా చేతిలో జల్లెడగరిటె ఆగింది. అబద్ధం చెప్పను, ఆగింది. ఆ మాటలో ఏదో తప్పుందని నాకు తోచింది, మోసెస్ మాస్టారి బోర్డు ఒక్క క్షణం కళ్ల ముందు మెదిలింది. ఆ పక్కనే పూరీ పొంగింది. పూరీ తిప్పాను. బావగారు లెక్కలు చెబుతున్నప్పుడు వంటింట్లోంచి మరదలు తప్పు దిద్దడమా? అలాంటిది మా ఇంట్లో ఎవరూ చూడలేదు. పూరీ మాడలేదు, నా పేరు చెడలేదు. పిల్ల ఆ మాటను పది నెలలు మోసింది. ఎవురు అంటే, అమ్మణీ, అందులో నా వంతు కూడా ఉంది. బడికి కోపం, బావగారికి కోపం, తల ఊపే మనిషికి కోపం అని పంచుకుంటూ వచ్చాను గానీ, ఆ పూరీ తిప్పిన చేతికి ఎంత ఇవ్వాలో ఇప్పుడే తెలుస్తోంది.

"అమ్మణీ, ఈ బారులో అన్నిటికంటే పెద్ద బిందె ఏది?" అని అడిగాను. ఎందుకడిగానో దానికి తెలియదు. అడగనూ లేదు. కూర్చున్నచోటి నుంచే మెడ తిప్పి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసింది. "అదో, సందు మొదట్లో పచ్చ కొడం. బిరియానీ అంగడోళ్లది. దాన్ని నింపేలోపల మన ప్రాణం పోతాది."

"మొదట ఉండేదాన్ని చెప్పలేదే?"

"మొదట ఉండేది ముసిలామె చిన్న సొంబు. ముందొచ్చింది, ముందుండాది. దానికేమి? ఎండ దెబ్బ తగిలిందా అక్కా నీకు?"

ఇడ్లీలమ్మే మనిషి. బడి గడప తొక్కలేదు. మెడ తిప్పి చూసింది, అంతే. మా పిల్లకు మెడ తిప్పడం వచ్చు. తిప్పొద్దని మేం నేర్పాం.

లారీ వచ్చింది. గొట్టం దగ్గర ఎప్పటిలాగే తోపులాట, తిట్లు, కాళ్ల మీద నీళ్లు. రెండు బిందెలూ నిండేసరికి నాలుగున్నర దాటింది. ఒకటి చంకనెత్తుకుని వచ్చేసరికి మెట్ల కింద నివేదిత నిలబడి ఉంది, రెండోదాన్ని పట్టుకోవడానికి. దాని కళ్లు ఉబ్బి ఉన్నాయి. అమ్మణిని రెండో బిందె చూడమన్నానని చెప్పి, నాది మెట్టు మీద దించి, పేపరు తీశాను. "ఈ రెండో లెక్కలో ఏ పదం పెద్దది?"

చూసింది. "9x⁵" అంది, వెంటనే.

"మరి ఒకటని ఎందుకు రాసినావు?"

"ముందుండేదే పెద్దదని పెదనాయన చెప్పినాడు కదమ్మా." ఆ జవాబు మీద వేలు పెట్టింది. "పరీక్షలో నాకు డౌట్ వచ్చింది. అయిదు అని రాసి, కొట్టేసినా. పెదనాయన తప్పు చెప్తాడా అని."

పేపరు కళ్ల దగ్గర పెట్టుకుని చూశాను. ఒకటి కింద, కొట్టేసిన గీతల్లో, అయిదు ఉంది.

పైకి వెళ్లేసరికి బావగారు చేతిసంచి సర్దుకుని చెప్పుల దగ్గర ఉన్నారు. మా అత్త ఆయనకు అప్పడాల పొట్లం కడుతోంది. సిరాబుడ్డి మూత తీసి ఉంది, మా ఆయన చేతిలో కలం ఉంది. ఉత్తరంలో బావగారు ఒకచోట కామా తప్పు పట్టి, నల్ల సిరాతో చక్కగా దిద్దారు. ఆయన దిద్దింది ఆ ఒక్కటే. నేను బిందె మూల పెట్టాను. నివేదిత రెండోదాన్ని తెచ్చి పక్కన పెట్టింది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, స్టూలు మీది కాగితం తీసి రెండు మడతలు మడిచాను. నేను ఏదో సర్దుతున్నాననుకున్నారు. ఇల్లు సర్దేదాన్ని నేనే కదా.

"దీని మీద సంతకం అక్కర్లేదండీ" అన్నాను. పెరుగు అయిపోయింది అని చెప్పేటప్పుడు ఎంత గొంతు వాడతానో అంతే వాడాను. "నివ్వి ఈ బళ్లోనే పది చదువుతాది. రేపు పొద్దున పేపరు తీసుకోని నేను పోతా. ఎనిమిది మార్కులు ఒకే తప్పుకు పోయినాయి, ఆ తప్పు దానిది కాదు. ఆ టీచరమ్మకు చూపించి, ఇంకొకసారి పరీక్ష పెట్టమని అడుగుతా. పెట్టేదాకా ఆడే కూర్చుంటా."

మా అత్త పొట్లం దారం చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది. మా ఆయన అన్న వైపు చూశారు. బావగారు, "లెక్కలు దానికి ఎవురు చెప్తారమ్మా?" అన్నారు, నవ్వే ముఖంతోనే.

"నేను చెప్తా" అన్నాను. "ఎస్సెల్సీలో నాకు డెబ్బై ఒకటి, బావా. వచ్చే ఆదివారం నుంచి ఆ చాప వంటింట్లో వేస్తా. మీరు ఎప్పటిమాదిరి భోజనానికి రండి."